మూడో పిలుపు

అబిడ్స్‌లో బండి నిలుపుకోవడానికే జాగా లేదు, ఇక దెయ్యానికెక్కడ దొరుకుతుందని నవ్వేవాళ్లున్నారు. కానీ నాంపల్లి స్టేషన్‌కు అడ్డదారిగా పోయే ఒక గల్లీలో, తాళం పడి పాడుబడ్డ, నవాబుల కాలం నాటి పెద్ద దేవిడీ ఉంది. దీపాలు పెట్టాక దాని ముందు నుంచి పోతే లోపలి నుంచి దెయ్యం పేరు పెట్టి పిలుస్తుందట... ఒక్కసారే. మనుషులైతే మూడుసార్లు పిలుస్తారు. అందుకే మూడో పిలుపు దాకా అక్కడ ఎవరూ పలకరు.

ఆ రాత్రి చీరల దుకాణంలో పనిచేసే రజని, అత్త పూలమ్మతో ఆ గల్లీలోకి వచ్చింది. పొద్దున బయటికెళ్లిన మామ రాజయ్య చీకటి పడ్డా ఇల్లు చేరలేదు. స్టేషనంతా వెతికారు, దవాఖానలు తిరిగారు, మొజంజాహీ మార్కెట్‌లో పండ్లవాళ్లందరికీ ఫోటో చూపించారు. పక్షవాతం వచ్చిన మనిషి, కాలు ఈడ్చి నడుస్తాడు. చాయ్ కావాలంటే గ్లాసు మీద వేలితో టకటకా కొడతాడు. ఎప్పుడూ విసుక్కునే ఆ చప్పుడు కోసం ఇప్పుడు రజని మనసు పీకుతోంది.

దేవిడీ గేటు దగ్గరికి రాగానే —

"రజనీ..."

పూలమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పలుకకు బిడ్డా... ఒక్కసారే పిలిచింది."

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. రెండో పిలుపు రాలేదు.

అంతలో గల్లీ మొత్తం పట్టపగలులా వెలిగింది. తలెత్తితే — ఇంత పెద్ద నిప్పుముద్ద, ఆకుపచ్చ తోకతో, చప్పుడే లేకుండా బషీర్‌బాగ్ వైపు నుంచి స్టేషన్ మీదికి పోతోంది. నీడలన్నీ గోడల వెంట పరుగెత్తాయి. ఎవరో కొరివిదెయ్యమని అరిచేసరికి పాన్‌డబ్బా అతను సగం కట్టిన పాన్ వదిలేసి ఉరికాడు.

అందరూ పైకి చూస్తుంటే రజని గేటు లోపలికి చూసింది. చువ్వల అవతల ఒక హవాయి చెప్పు. తెగిన పట్టీకి తనే పెట్టిన పిన్నీసు తళుక్కుమంది. మళ్లీ చీకటి.

"అత్తమ్మా... గదిగో మామ చెప్పు."

"పోకే... పేరు పెట్టి పిలిచింది."

"పిలిస్తె పిలవనీ. మూడుసార్లయ్యేదాక నిలబడితె మనిషే పోతడు."

వస్తున్నానని గేటు వైపు గట్టిగా పలికి మరీ రజని చువ్వల సందులోంచి దూరింది.

ఒంటికి పోదామని అటు వెళ్లాడేమో, రాజయ్య ఎండిపోయిన బావిలో ఎండుటాకుల మీద పడి ఉన్నాడు. కాలు విరిగింది. ఊపిరి ఆడుతోంది. ఫోన్ వెలుగులో ఆ ముఖం చూసి రజని ఏడ్చేసింది.

ఉరికినవాళ్లే తాళ్లతో తిరిగొచ్చి ఆయన్ను పైకి లాగారు. పిలిచింది పెద్దాయనే, దెయ్యమూ లేదు గియ్యమూ లేదని నవ్వుకున్నారు. ఆకాశంలో పోయింది ఉల్క అని ఫోన్లలో అప్పటికే వచ్చేసింది.

పూలమ్మ మాత్రం నవ్వలేదు. దవాఖానకు పోయే ఆటోలో కోడలి చెవిలో అంది: "మీ మామకు మాట పడిపోయి మూడేండ్లాయె గదనే..."

మర్నాడు పని నుంచి వస్తూ రజని అదే గేటు ముందు ఆగింది.

"మా మామను చూపించినవ్. నీ పేరేంది?"

మళ్లీ అడిగింది. మూడోసారీ అడిగింది, మనుషులు అడిగినట్టే.

ఇన్నేళ్లకు ఒకరు పేరు అడిగినందుకేమో, లోపల ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు.