స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడే

"నీకు కారు నడపడం వచ్చా?" అని అడిగాడు బాస్.

ఇన్నేళ్ల సర్వీసులో ఏ గూఢచారినీ ఎవరూ అడగని ప్రశ్న అది. కానీ ఈ ఏజెంట్ కోడ్‌నేమ్ 'నత్త'. స్పీడోమీటర్ ముల్లు అరవై దాటితే అతనికి చెమటలు పడతాయని డిపార్ట్‌మెంట్ అంతటికీ తెలుసు. ఆ పేరు పెట్టింది కూడా ఈ బాసే. ఆఫీసు బయట ఆయన నత్తకి సొంత మేనమామ. లోపల మాత్రం 'సార్' అనాల్సిందే.

"లైసెన్స్ ఉంది సార్."

"లైసెన్స్ మా ఇంట్లో కుక్కకి కూడా ఇప్పించగలను. ఇటు చూడు."

ప్రొజెక్టర్ వెలిగింది. గోడ మీద ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు, దాన్ని ఆనుకుని హెల్మెట్ పట్టుకున్న ఒక స్త్రీ. నవ్వడం లేదు, నవ్వబోతున్నట్టుంది. నత్త కారుని చూడలేదు.

"పాత ఎయిర్‌ఫీల్డ్‌లో డ్రైవింగ్ స్కూల్ నడుపుతోంది. స్పోర్ట్స్ కార్లు కొన్నవాళ్లకి వాటిని ఎంతవరకు తోలొచ్చో నేర్పుతుంది. మనకి ఇన్‌ఫార్మర్, శత్రువుల గూఢచారి రింగ్‌కి కొరియర్ కూడా. మన రాడార్ కోడ్ ఉన్న చిప్ ఒకటి మాయమైంది. అది సముద్రం దాటిందంటే వాళ్ల విమానాలు మన నెత్తి మీదకొచ్చినా మనకి కనబడవు. దాన్ని ఓడకి చేర్చేది ఈమేనని నా అనుమానం. వెళ్లి శిష్యుడిగా చేరు."

"నేనే ఎందుకు సార్?"

"డ్రైవింగ్ రానట్టు నటించక్కర్లేదు కదా."

నత్త టైల్స్ ఫ్యాక్టరీ ఓనర్ వేషంలో వెళ్లాడు. బంగారు ఫ్రేము కళ్లద్దాలు, దట్టమైన మీసం, మైక్రోఫోన్ దాచిన పెన్ను. కోచ్ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇవాళ తడి నేల మీద ప్రాక్టీసండీ. ట్యాంకర్‌తో నీళ్లు కొట్టించాను. మీసం తడిస్తే జిగురు ఊడుతుందేమో చూసుకోండి."

నత్త మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. ఆ మర్యాదకే మనవాడు సగం పడిపోయాడు.

కారెక్కే ముందు ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగేది. ప్రతి టైరునీ అరచేత్తో తడిమి, వంగి కారు కింద టార్చ్ వేసి చూసేది. స్కూల్ కారైనా, తన ఎర్ర కారైనా అంతే. ఈ అలవాటు సంగతి నత్త బాస్‌కి చెప్పాడు. ఆయన పట్టించుకోలేదు.

ఎయిర్‌ఫీల్డ్ మీద ట్రాఫిక్ కోన్లు పేర్చి పెద్ద వృత్తం చేశారు. దాని చుట్టూ ముందు నెమ్మదిగా తిప్పించి, తర్వాత కొద్దికొద్దిగా వేగం పెంచమనేది.

"ఇప్పుడు స్టీరింగ్ ఎలా ఉంది?"

"తేలికైపోయింది."

"ముందు టైర్లు పట్టు వదులుతున్నాయని కారు చెబుతోంది. ఇంకొంచెం తిప్పుదాం అనుకోకండి, మెల్లగా వేగం తగ్గించండి. టైర్ల పట్టుకి లిమిట్ ఉన్నట్టుండి రాదండీ. ముందు నుంచీ చెబుతూనే ఉంటుంది, మనమే వినం."

ఒకసారి మలుపు మధ్యలో భయపడి అతను యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు. కారు వెనక భాగం గిర్రున తిరిగి, రెండు కోన్లని పడగొట్టి, వచ్చిన దారి వైపే చూస్తూ ఆగింది. ఆమె తాపీగా సీటు బెల్ట్ సర్దుకుంది.

"మలుపులో టక్కున పవర్ తీస్తే బరువంతా ముందుకొచ్చేస్తుంది. వెనక టైర్లకి పట్టుండదు, కారు తిరిగిపోతుంది. వేగం తగ్గించాలంటే స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడే. ఇక్కడ తప్పు చేస్తే కోన్ పడుతుంది, రోడ్డు మీద చేస్తే మనిషి పోతాడు. అందుకే లిమిట్ ఇక్కడే వెతుక్కోవాలి."

"మీరెప్పుడైనా రోడ్డు మీద వెతికారా?"

"నేను కాదు, మా తమ్ముడు." ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "వాడికి నేర్పేవాళ్లు లేరు."

నత్త ఆ రోజు పెన్నులో మైక్రోఫోన్ ఆపేశాడు. మళ్లీ ఆన్ చేయడం చాలా రోజులు మర్చిపోయాడు.

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. క్లాసు అయ్యాక ఇద్దరూ పాత టైర్ల మీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగేవాళ్లు.

"ఇవన్నీ వదిలేసి ఎక్కడికైనా వెళ్లిపోతే ఎలా ఉంటుంది?" అంది ఒకరోజు.

"నేను తోలనా?"

"నువ్వు తోలితే చేరేసరికి ముసలివాళ్లమైపోతాం."

"నాక్కావాల్సింది అదే కదా."

ఆమె నవ్వలేదు. కప్పులో చల్లారిన టీ వైపు చూస్తూ కూర్చుంది. ఏదో చెప్పబోతోందని అతను ఆశపడ్డాడు, పిచ్చివాడు.

మర్నాడు బాస్ అతని చేతికి ఒక వాచీ తొడిగాడు.

"దీని పక్క బటన్ నొక్కితే ఆమె కారు ఇంజన్ ఆగిపోతుంది. దానికి కావాల్సిన డబ్బా రాత్రే కారు కింద బిగించేశారు. వంద మీటర్ల లోపల ఉండి నొక్కాలి. చెవిలో ఇయర్‌పీస్ పెట్టుకో, 'వాన వెలిసింది' అని వినబడితే ఆమె చిప్‌తో బయల్దేరినట్టు. ఘాట్ రోడ్డులో లైట్‌హౌస్ మలుపు దగ్గర నొక్కెయ్. కింద సముద్రం. యాక్సిడెంట్ అని చెబుదాం, కోర్టులూ గొడవలూ ఉండవు."

"ఆమె వెళ్లదు సార్."

"వెళ్లకపోతే వాచీలో టైం చూసుకో."

మధ్యాహ్నం అతను స్కూల్ కారులో ఆమె కోసం ఎదురుచూస్తుండగా చెవిలో వినబడింది. "వాన వెలిసింది."

నత్త ప్రాణం ఉసూరుమంది. ఎర్ర కారు అప్పటికే గేటు దాటుతోంది. జీవితంలో మొదటిసారి అతను ముల్లు వైపు చూడకుండా తోలాడు.

రిపేర్లని బోర్డులు పెట్టి డిపార్ట్‌మెంట్ ఘాట్ రోడ్డుని మిగతా బళ్లకి రెండు వైపులా మూసేసింది. రోడ్డంతా తడి. ముందు ఆమె, వెనక అతను. తిన్నని దారిలో బ్రేకు, మలుపులో నిలకడ, బయటికొస్తూ వేగం. స్టీరింగ్ తేలికైనప్పుడల్లా తగ్గాడు. ఆమె చెప్పిన ప్రతి మాటా ఆమెని పట్టుకోవడానికే పనికొస్తోంది. కళ్లు చెమర్చి రోడ్డు మసకబారితే, వైపర్లు వేసి చూశాడు కూడా.

లైట్‌హౌస్ మలుపులో దూరం వంద మీటర్ల లోపలికొచ్చింది.

"నొక్కు," అన్నాడు బాస్ చెవిలో.

వేలు బటన్ మీదే ఉంది. గిర్రున తిరిగిన కారు, పడిపోయిన కోన్లు కళ్ల ముందు మెదిలాయి. ఇక్కడ కోన్లు లేవు.

"సిగ్నల్ లేదు సార్."

"అబద్ధం చెప్పడం కూడా రాదురా నీకు."

చివరి మలుపు దాటితే హార్బర్ దాకా సూటి రోడ్డు. చివర్లో ఓడ, దాంట్లోకి కారెక్కడానికి దించిన ఇనప పలక. రింగ్ మనిషి చెయ్యి ఊపుతున్నాడు. ఎర్ర కారు ముందు చక్రాలు తిన్నగా అయ్యాయి.

నత్త నొక్కాడు.

ఎర్ర కారు గొంతు మూగబోయింది. ఊపు మీద అలాగే సాగింది. బ్రేకు లైట్లు వెలిగాయి. ముందు చక్రం పలక అంచుకి జానెడు దూరంలో ఆగింది. పరిగెత్తుకొచ్చిన రింగ్ మనిషిని, కూలీల వేషంలో ఉన్న మనవాళ్లు మధ్యలోనే పట్టేశారు.

అతను వెళ్లేసరికి ఆమె అద్దం దించి, అరచేతిలో చిప్ పెట్టుకుని కూర్చుంది.

"పొద్దున టార్చ్ వేసినప్పుడే కనబడింది ఆ డబ్బా," అంది.

"మరి పీకెయ్యలేదేం?"

"నువ్వు నొక్కవనుకున్నాను."

"నువ్వు వెళ్లవనుకున్నాను."

ఆమె చిప్ అతని చేతిలో పెట్టింది.

"ఈ ఒక్క ట్రిప్పు అయితే నన్ను వదిలేస్తామన్నారు రింగ్ వాళ్లు. ఆ తర్వాత మనం..." అని ఆపేసింది. మాట మార్చి అడిగింది. "లైట్‌హౌస్ దగ్గర నా వెనకే ఉన్నావ్. అద్దంలో చూశాను. అక్కడెందుకు నొక్కలేదు?"

"స్టీరింగ్ తిన్నగా లేదు."

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. అతనూ ఏడ్చాడు. బేడీలు తెచ్చిన మనిషి ఎటు చూడాలో తెలీక ఓడ వైపు చూశాడు.

జీపెక్కుతూ ఆమె వెనక్కి తిరిగింది. "పాసయ్యావ్," అంది.

సాయంత్రం బాస్ ఫైలు మూశాడు. "లైట్‌హౌస్ దగ్గర సిగ్నల్ బ్రహ్మాండంగా ఉందట. టెక్నీషియన్ చెప్పాడు. నత్తకి అందేసరికి లేటయిందని రాశాను." గొంతు తగ్గించాడు. "మీ అమ్మ ఫోన్ చేసిందిరా. డ్రైవింగ్ క్లాసుల్లో అమ్మాయెవరైనా నచ్చిందా అని అడుగుతోంది. ఏం చెప్పమంటావ్?"

నత్త వాచీ విప్పి టేబుల్ మీద పెట్టాడు.

"పాసయ్యానని చెప్పు మామయ్యా."