మూడు గాట్ల బాణం

భూమిపండగ నాటి ఉదయం తన తండ్రి విల్లుని అటక మీంచి దించుతూంటే గంగిరెడ్డి వేళ్లకి వెదురు లోపలి వైపున గీతలు తగిలాయి. మసి తుడిచి వెలుతురులో పెట్టాడు. పైనుంచి దూకే నీరు, పక్కనే రెండు రాళ్లు, వాటి నడుమ ఒక కన్నం ఉన్న బొమ్మ అది.

చిన్ననాడే తన తమ్ముణ్ణి పులి ఎత్తుకుపోయిన తర్వాత తండ్రి మళ్లీ విల్లు పట్టలేదు. కొండలో వెండి దాచాడని మాత్రం ఊరంతా చెప్పుకునేది.

ఆ పండక్కి కొండరెడ్ల మగవాళ్లు వేటకి పోవాలి. వట్టి చేతులతో వచ్చినవాడి నెత్తిన ఆడవాళ్లు పేడనీళ్లు గుమ్మరిస్తారు. గంగిరెడ్డి మూడేళ్లుగా తడుస్తున్నాడు. ఈసారి పదకొండేళ్ల కూతురు సింగారినీ, ఏడేళ్ల కొడుకు అబ్బులునీ వెంట తీసుకుపోతానన్నాడు.

"పాలపళ్లైనా ఊడనోడికి వేటేంటయ్యా? ఒక్కడివే తడవడానికి సిగ్గేస్తందా?" అంది భార్య సుక్కమ్మ.

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు నేర్చుకుంటారే?"

పొలిమేర దాటేవాళ్లని కనుమరుగయ్యేదాకా చూడకూడదంటారు. తెలిసీ సుక్కమ్మ చూస్తూనే నిలబడింది.

దారిలో గంగిరెడ్డి కూతురి బాణం మీద కత్తితో మూడు గాట్లు పెట్టాడు. "ఇది మనింటి గుర్తు. పడ్డ జంతువు ఎవరిదని తగువొస్తే ఈ గాట్లే చెబుతాయి." గాలికి ఎదురు నడవమన్నాడు. ఎండుటాకు మీద అడుగు పడకూడదన్నాడు. సింగారి ఊపిరి బిగబట్టి నడిచింది.

మధ్యాహ్నానికి నీటి హోరు వినిపించింది. రెండు రాళ్లూ, వాటి నడుమ కన్నమూ అచ్చం గీతల్లో ఉన్నట్టే ఉన్నాయి! కానీ అందులో గంగిరెడ్డి భుజాలు పట్టలేదు.

"నేను పోతా!" అని అబ్బులు తండ్రి వెలిగించిన దివిటీ అందుకుని పాములా లోపలికి జారిపోయాడు.

ఎంతసేపటికీ అలికిడి లేదు. అంతలో ఇరవై అడుగుల ఎగువన పొద కదిలింది. నల్లగా, బురద పూసుకున్న వీపొకటి వంగి కదులుతోంది.

"పంది! వెయ్యి!" అని గొణిగాడు గంగిరెడ్డి.

"తమ్ముడేమో అయ్యా..."

"ఆడు గుహలో ఉన్నాడు. పారిపోద్ది, వెయ్యవే!"

నారి మోగింది. ఫట్‌మని కుండ పగిలిన చప్పుడు.

"అక్కా!"

గంగిరెడ్డి ఎలా ఎగువకి పాకాడో అతనికే తెలియదు. ఒళ్లంతా గబ్బిలాల రొచ్చుతో అబ్బులు నిలబడి ఉన్నాడు. పైనున్న ఇంకో కన్నంలోంచి బయటికొచ్చాడు. గుండెకి హత్తుకున్న మట్టికుండలో దిగిన బాణం మొన వాడి ఛాతీ మీద గోరంత గీరి ఆగింది. కుండలోవి నేలన చెల్లాచెదురయ్యాయి. చిన్నపిల్లల వెండి మొలతాడు, జానెడు విల్లు, తుప్పు పట్టిన బాణం ఒకటి.

ఆ బాణం మీద మూడు గాట్లు ఉన్నాయి.

రెండు బాణాలూ పక్కపక్కన పట్టుకుని గంగిరెడ్డి గాట్లు పోల్చి చూశాడు. చిన్నాన్నని పులి ఎత్తుకుపోలేదు, తండ్రి వేసిన ఈ బాణమే తీసుకుపోయింది. బతికినంత కాలం తండ్రి తల దించుకునే ఎందుకు నడిచాడో ఇప్పుడు తెలిసింది.

"అయ్యా, పరిగెత్తాలి! లోపల ఎలుగుంది. దాని కాలు తొక్కేశా!"

కన్నంలోంచి గుర్రుమంటూ ఎలుగుబంటి బయటపడింది. దాని వీపు మీది వెంట్రుకలు పట్టుకుని ఎలుగు పిల్ల వేలాడుతోంది. సింగారి ఇంకో బాణం అందించింది. "వెయ్యి అయ్యా!"

ఎదురుగా వేట ఉంది. పండగ పరువు ఉంది. గంగిరెడ్డి చెయ్యి లేవలేదు. పిల్లలిద్దరినీ రెండు చంకలా ఇరికించుకుని నీరు దూకే చోటి మడుగులోకి దూకాడు. ఎలుగు ఒడ్డున కాసేపు మూతి ఎత్తి వాసన చూసి, పిల్లని మోసుకుంటూ కొండెక్కిపోయింది.

అది పోయాక మొలతాడూ, చిన్న విల్లూ, రెండు బాణాలూ రాళ్ల సందులో పెట్టి మూసేశాడు.

"వెండయ్యా! అమ్మకిద్దాం," అన్నాడు అబ్బులు.

"ఆ పిల్లోడిదిరా అది."

తిరుగుదారిలో సింగారి తమ్ముడి చొక్కా కొస వదల్లేదు. తండ్రి మొహం చూడలేదు. తండ్రీ ఆమె మొహం చూడలేకపోయాడు.

పొద్దు వాలేవేళకి ఊరి మొదట్లో ఆడవాళ్లు కుండలతో సిద్ధంగా ఉన్నారు. అందరికంటే ముందు సుక్కమ్మ నవ్వుతూ నిలబడింది.

"ఏమయ్యా, నాలుగోసారీ చేతులూపుకుంటానే వచ్చావా?"

"అక్క గురి కుదిరిందమ్మా!" అబ్బులు చొక్కా ఎత్తి చూపించాడు. "నన్నే కొట్టింది!"

కుండ ఎత్తిన సుక్కమ్మ చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. సింగారి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"వెయ్యమన్నది నేను," అన్నాడు గంగిరెడ్డి. "తమ్ముడేమో అని అది అడిగింది. నేను వినలేదు."

భార్య చేతిలోంచి కుండ తీసుకుని, పేడనీళ్లు తనే నెత్తిన గుమ్మరించుకున్నాడు.