మాత్రలు మింగిన మాట నిజం

"నువ్వు మాత్రలు పారేస్తన్నావు. లేకపోతే ఎందుకు తగ్గదు?"

నరసరావుపేట ఆసుపత్రిలో, డాక్టరమ్మ ఎదుటే భర్త నాగేంద్రబాబు ఆ మాట అనేసరికి నాగలక్ష్మి గుండె చెరువైపోయింది! ఒక్క పూట తప్పకుండా మింగిందే... అయినా థైరాయిడ్ దిగలేదు. ఒళ్లు చిక్కి సగమైంది, చేతులు వణుకుతున్నాయి, గుండె దడ ఆగడం లేదు. ఈసారీ తగ్గకపోతే గొంతుకు ఆపరేషనే అని ముందే చెప్పారు. రోగం సంగతి సరే, కట్టుకున్నవాడే నమ్మకపోతే ఇంకెవరితో చెప్పుకోవాలి!

పక్కనే అత్త హనుమాయమ్మ నిలబడి ఉంది. మిరప కోతలకు పోయే తొందరలో కూడా కోడలికి జొన్న జావ కాచి, చేతికిచ్చిగానీ గడప దాటని మనిషి.

డాక్టరమ్మ నాగేంద్రబాబును కాస్త ఆగమని, ఇంకేమైనా పొడులు, టానిక్కులు వాడుతున్నారా అని అడిగింది. లేదంది నాగలక్ష్మి. హనుమాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఊరుకుంటే ఊరుకోవచ్చు, నింద ఎటూ కోడలి మీదే పడింది... కానీ ఆ తల్లి మనసు ఒప్పుకోలేదు.

"పిల్ల తప్పేం లేదమ్మా. నేనే రోజూ జావలో సముద్రపు నాచు పొడి కలిపా. మా వీధిలో యమునకి థైరాయిడ్ దాంతోనే తగ్గిందన్నారు. చెబితే తాగదని చెప్పలా."

డాక్టరమ్మ తల పట్టుకుంది. యమునది గ్రంథి తక్కువ పనిచేసే జబ్బు, నాగలక్ష్మిది ఎక్కువ పనిచేసే జబ్బు, పేరొకటైనా ఒకటి ఉత్తరమైతే ఒకటి దక్షిణమని విడమరిచి చెప్పింది. నాచులో అయోడిన్ మెండు. మాత్ర ఆ గ్రంథికి కళ్లెం వేస్తుంటే, పొడి దానికి మేత వేస్తోంది! యమునకైనా అడక్కుండా వాడటం మంచిది కాదంది. కూరలో ఉప్పు మామూలుగానే వేసుకోమని, పొడి ఆపేసి మాత్రలు మానకుండా వాడి మళ్లీ రక్త పరీక్షకు రమ్మంది.

వరండాలోకి రాగానే హనుమాయమ్మ కోడలి చేతులు పట్టుకుని ఏడ్చేసింది. నాగలక్ష్మికి కడుపు మండింది. తనకు చెప్పకుండా తనకే మందు పెడతారా అని అత్తను గట్టిగానే నిలదీసింది. ఆ తర్వాత ఆమె కళ్లు తుడిచిందీ తనే.

కొన్ని వారాలకు వచ్చిన రిపోర్టు చూసి డాక్టరమ్మ నవ్వింది. తగ్గుముఖం పట్టింది, ఆపరేషన్ ఇప్పుడు అక్కర్లేదంది! నాగేంద్రబాబు తల వంచుకున్నాడు.

"తప్పు నాదే లక్ష్మీ. ఇప్పుడు నమ్ముతున్నా."

"రిపోర్టు చూశాక నమ్మటం ఏముందయ్యా? అత్తమ్మ చూడకముందే నా పక్కన నిలబడింది."

నాగలక్ష్మి ఒక చేత్తో పక్కనే ఉన్న అత్త చెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి భర్తకీ చాపింది.