ఎల్లవ్వ నిలబడ్డ చోటు

గోల్కొండ కోట ఎక్కుతున్న ఒక పెద్దమనిషి లేని మెట్టు మీద కాలేశాడు. మోక్షితమ్మ అతని మోచెయ్యి దొరకబుచ్చుకుంది గనక సరిపోయింది, లేకపోతే ఆయన నగర సందర్శనం ఆసుపత్రిలో ముగిసేది.

"అది పదహారువందల ఇరవైల ఉన్న మెట్టు సార్. ఇప్పుడు లేదు," అంది మోక్షితమ్మ.

ఆయన నవ్వి క్షమించమన్నాడు. నవ్వు ఇక్కడే ఉంది గానీ చూపు మాత్రం పదిహేడో శతాబ్దంలోనే ఉండిపోయింది.

పూర్వాక్షి వచ్చినప్పటినుంచి ఇదే వరస. అది కనుపాప మీద అతికే పల్చటి పొర. సంవత్సరం చెబితే చాలు, ఎదుట ఉన్న కట్టడం ఆ ఏటికి వెళ్ళిపోతుంది. హైదరాబాదు చూడవచ్చినవాళ్ళు పొద్దున్నే చార్మినారును 1591లో, సున్నం ఇంకా ఆరని గోడలతో చూస్తారు. పది గంటలకు మూసీ వంతెన మీద నిలబడి 1908 వరద చూసి బిక్కచచ్చిపోతారు. భోజనాలయ్యాక గోల్కొండ. నగరంలో తప్పక చూడాల్సినవన్నీ నాలుగు శతాబ్దాలతో కలిపి ఒక్క రోజులో అయిపోతాయి. ఇక గైడ్లతో ఎవరికి పని? ప్రభుత్వం వాళ్ళను పథరక్షకులు అని పిలిచి, దారి తప్పి పడేవాళ్ళను పట్టుకోమంది. జనం మాత్రం చెయ్యిపట్టువాళ్ళు అంటారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

మోక్షితమ్మకు అరవై ఆరేళ్ళు. మోక్షిత, హన్విక లాంటి పేర్లు వింటే ముగ్గుబుట్ట తలలు గుర్తొచ్చే రోజులు మరి. నలభై రెండేళ్ళుగా ఈ కోట ఎక్కుతోంది, దిగుతోంది. ఏ సుల్తాను ఏ గోడ కట్టించాడో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఈ మధ్య లేపి అడిగేవాళ్ళే లేరు.

మూడో నీటితొట్టి దగ్గరికి రాగానే యాత్రికులంతా ఆగిపోయారు. అక్కడ అందరూ ఆగుతారు. పూర్వాక్షిలో ఆ గోడకు ఆనుకొని ఒక మనిషి నిలబడి ఉంటుంది. ఆకుపచ్చ చీర, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన కుచ్చెళ్ళు, చేతిలో తాడు. "పట్టు!" అని కేక వేస్తుంది. కింది చక్రం తిరుగుతుంది, నీళ్ళు తొట్టి నుంచి తొట్టికి కొండెక్కుతాయి. ఆమె పేరు ఎల్లవ్వ. సుల్తానులను చూసి తల ఊపే జనం ఎల్లవ్వను చూసి చెయ్యి ఊపుతారు. కొందరికి కళ్ళనీళ్ళు కూడా వస్తాయి.

మోక్షితమ్మ అక్కడికి రాగానే తన పొర తీసి డబ్బాలో పెట్టుకుంటుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ రోజు అడిగే మనిషి వచ్చింది. తన్జీలా అని, పూర్వాక్షిని నడిపే సాక్ష్యమండలిలో పరిశోధకురాలు. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. తొట్టి గట్టు మీద మోక్షితమ్మ పక్కన కూర్చుని మర్యాదగా మొదలుపెట్టింది.

"అమ్మా, పూర్వాక్షి ఏది చూపించాలో సాక్ష్యగణకం తేలుస్తుంది, మీకు తెలుసు కదా. ఒక సంగతిని వెయ్యిమంది ఒకేలాగ చెబితే దాన్ని నిజం కింద తీసుకుంటుంది. ఎల్లవ్వ గురించి పదకొండు వేల సాక్ష్యాలు ఉన్నాయి. అన్నీ యాత్రికులు తీసుకున్న పాత వీడియోలే."

"మంచిదే కదా బిడ్డా."

"అన్నిట్లో మాట్లాడేది మీరొక్కరే అమ్మా."

మోక్షితమ్మ పొర డబ్బా మూత బిగించింది. పూర్వాక్షిలో ఎల్లవ్వ కనబడ్డ రోజు నుంచి, ఇరవై ఏళ్ళుగా, ఈ మాట ఎవరో ఒకరు అంటారని ఎదురుచూస్తూనే ఉంది.

పాతకాలం గైడ్లకు ఒక ఆచారం ఉండేది. ప్రతి గైడుకూ ఒక సొంత కథ ఉండాలి, ఒకరి కథ ఇంకొకరు ముట్టుకోకూడదు. ఎండలో మెట్లెక్కలేక కూలబడే జనాన్ని లేపడానికి అది వాడుకునేవారు. ఒకరికి సొరంగం, ఇంకొకరికి రాణిగారి పోయిన ముక్కుపుడక. మోక్షిత కొత్తగా చేరిన ఏడాది ఒక యాత్రికురాలు ఈ తొట్టి దగ్గర ఆయాసపడుతూ అడిగింది: "ఇంత ఎత్తుకు నీళ్ళు ఎక్కించింది ఎవరమ్మా?" ఏడుగురు సుల్తానుల పేర్లూ గడగడా చెప్పిన మోక్షితకు ఆ ఒక్క జవాబు రాలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గులో "ఎల్లవ్వ" అనేసింది. ఆ పేరు గేటు దగ్గర తాగునీళ్ళ కుండలు నింపే ఆవిడది. మర్నాడు ఎల్లవ్వకు చీర వచ్చింది, మరో వారానికి కేక వచ్చింది. అదే మోక్షిత సొంత కథ అయింది. గైడ్లందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తలేదు. ఆచారం అలాంటిది.

"ఒక దారి ఉంది," అంది తన్జీలా గొంతు తగ్గించి. "మీకంటే ముందు తరంవాళ్ళ నోట విన్నానని చెబితే, అది మౌఖిక వారసత్వం అవుతుంది. ఎల్లవ్వ ఉంటుంది. నాకూ ఆమె పోవడం ఇష్టం లేదమ్మా, నిజంగా. గురువారం మధ్యాహ్నం ఇక్కడే మీ వాంగ్మూలం తీసుకుంటాను."

ఆ మాట గాలికంటే ముందు నగరమంతా తిరిగింది. మర్నాడే దివిజ వచ్చింది. నలభై దాటిన మనిషి, పని దుస్తుల్లోనే ఉంది. నగరం కింద నీటిగొట్టాలు బాగుచేసే నాలుగువందల మంది ఆడవాళ్ళకు నాయకురాలు. వాళ్ళు రోజూ భూమిలోకి దిగేముందు "ఎల్లవ్వా, పట్టు!" అని అరిచి దిగుతారు.

"మా అమ్మ గూడ ఇదే పని చేసింది," అంది దివిజ. "ఎవరన్న అడిగితే ఆఫీసుల చేస్తున్న అని చెప్పేది. సచ్చేదాక అట్లనే చెప్పింది. నేను చెప్పను. నేను ఎల్లవ్వ బిడ్డనని చెప్పుకుంట. మీరు ఒక్క మాట అనుండ్రి అమ్మా, పెద్దోళ్ళు చెప్పంగ విన్న అనుండ్రి. ఎవరి సొమ్ము పోతది?"

మోక్షితమ్మ ఆమె చేతులు పట్టుకుంది. ఏమీ మాట ఇవ్వలేదు.

రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. అబద్ధమాడి బతికించాలా, నిజం చెప్పి చంపాలా? నలభై రెండేళ్ళు ఆడిన అబద్ధానికి ఇంకొకటి తోడైతే లోకం మునిగిపోదు. కానీ ఆమెకు ఆ మొదటి ప్రశ్నే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. దానికి జవాబు తనకు ఆనాడూ తెలియదు, ఈనాడూ తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎన్నడూ ప్రయత్నించలేదు. వచ్చినవాళ్ళందరి ముందూ ఎల్లవ్వను నిలబెట్టి ఊరుకుంది. అది తలుచుకుంటే అబద్ధంకన్నా ఎక్కువ సిగ్గేసింది.

గురువారం తొట్టి చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. దివిజ మనుషులు ముందు వరసలో నిలబడ్డారు. తన్జీలా అడిగింది.

"ఈ కథ మీకు ఎవరు చెప్పారు?"

"ఎవ్వరు చెప్పలే," అంది మోక్షితమ్మ. "నేనే అల్లిన. నాకు జవాబు తెల్వక అల్లిన. ఎల్లవ్వ లేదు. నీళ్ళు ఎక్కించినోళ్ళు ఉన్నరు, వాళ్ళెవరో నాకు తెల్వదు. నన్ను మన్నించుండ్రి."

తన్జీలా ఉన్నదున్నట్టు నమోదు చేసింది. సాక్ష్యగణకం రెప్పపాటులో దిద్దుకుంది. గోడకు ఆనుకున్న ఆకుపచ్చ చీర మాయమైంది. యంత్రానికి చేతుల సాక్ష్యం లేదు, నీళ్ళ సాక్ష్యం ఉంది. అందుకని చక్రం దానంతట అదే తిరిగింది, నీళ్ళు వాటంతట అవే కొండెక్కాయి. జనం నోళ్ళు తెరుచుకుని చూశారు. వెనకనుంచి ఒకాయన అయోమయంగా అడిగాడు.

"మరి నీళ్ళు ఎవరు తోడుతున్నట్టు?"

ఇన్నేళ్ళలో ఆ తొట్టి దగ్గర ఆ ప్రశ్న మళ్ళీ వినపడటం అదే మొదటిసారి.

దివిజకు ఏడుపు ఆగలేదు. కన్నీళ్ళతో పొర జారిపోతుంటే పీకి జేబులో వేసుకుని, కళ్ళు తుడుచుకుంది. మోక్షితమ్మను నాలుగు మాటలు అనడానికే ఇటు తిరిగింది. తిరిగింది గానీ, ఆమె చూపు గోడ మీద ఆగిపోయింది. పూర్వాక్షిలో అది నున్నటి సున్నపు గోడ, దాని ముందు ఇన్నాళ్ళూ ఎల్లవ్వ. పొర లేని కంటికి అక్కడ పగిలిన గోడ, అందులో బయటపడ్డ మట్టిగొట్టం కనిపించాయి.

దివిజ గబగబా వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. గొట్టమూ గొట్టమూ కలిసే అతుకును వేళ్ళతో తడిమింది. ఆ అతుకు మీది సున్నం గట్టిపడి రాయిలా ఉంది.

"ఇది చూడుండ్రి," అంది. "అతుకుకు సున్నం మెత్తినంక బొటనవేలుతోని ఒత్తిన్రు. మేం ఇప్పటికీ గిట్లనే ఒత్తుతం. యంత్రం అతికించినా సరే, ఆఖరికి ఒకసారి వేలుతోని ఒత్తందే మాకు నమ్మకం కుదరది."

సున్నంలో బొటనవేలి గుంట స్పష్టంగా ఉంది, దాని పక్కనే నాలుగు వేళ్ళు. దివిజ తన చెయ్యి ఆనించి చూసింది.

"నాకన్న చిన్న చెయ్యి. ఎడమ చేతి వాటం. మణికట్టు కాడ గాజుల ఒత్తు గూడ ఉన్నది, ఆడమనిషిదే." కిందికి వంగింది. "ఈ అతుకు ఇంకొకరిది. వేలు లావున్నది. గోరు ఇరిగి ఉన్నది, కనపడ్తున్నదా?"

తన్జీలా పరుగున వచ్చి పక్కన కూలబడింది. పుట్టినప్పటినుంచి సాక్ష్యగణకం రాతలు చదివింది, బొమ్మలు చూసింది, మాటలు లెక్కపెట్టింది. గోడను తడమడం దానికి ఎవరూ నేర్పలేదు. గొట్టాల పనివాళ్ళను అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. తన్జీలా గబగబా కొలతలు తీసుకుంది.

"పేరు ఏమని రాయనమ్మా?" అని అడిగింది. అడిగింది మోక్షితమ్మనే, అలవాటు కొద్దీ.

మోక్షితమ్మ నాలుక మీదికి పేర్లు రాకపోలేదు. నలభై రెండేళ్ళ నోరు అది. కానీ మింగేసింది.

"తెల్వదని రాయి బిడ్డా. మనుషులున్నరు, పేర్లు తెల్వవు, ఎతుకుతున్నం అని రాయి."

పూర్వాక్షిలో అలాంటి వాక్యం రాయడం అదే మొదటిసారి. సాక్ష్యగణకం రెండుసార్లు తిప్పికొట్టింది, మూడోసారి ఒప్పుకుంది. అప్పటికే దివిజ మనుషులు పొరలు తీసేసి కొండ పొడుగునా గోడల మీద పడ్డారు. వాళ్ళను చూసి యాత్రికులూ తీశారు. మొదటిసారి గోల్కొండను రెండు కళ్ళతో చూస్తున్నట్టు ఎవరికి తోచిన రాయి వాళ్ళు తడుముతున్నారు. మోక్షితమ్మ తొట్టి గట్టు మీద కూర్చుని ఏడ్చింది. తేలికపడి ఏడ్చింది. దివిజ తనను ఇంకా మన్నించలేదని తెలుసు. పైకి వెళుతూ ఒక్కసారి కూడా ఇటు చూడలేదు.

కాసేపటికి పై తొట్టి గోడ మీదనుంచి దివిజ తల కనిపించింది. ముఖమంతా దుమ్ము.

"అమ్మా!" అని కేకేసింది. "జల్ది పైకి రాండ్రి! ఇంకో ఆమె దొరికింది!"