డ్రమ్ములో దాచిన మాట

"ఏమండీ, ఆ డ్రమ్ముకి కూడా టికెట్ తీసుకున్నారా?"

అపొలెనా నాతో అన్న మొదటి మాట అది. అక్టోబరు నెల, ఐస్ హాకీ మ్యాచ్ అప్పుడే అయింది, బయట వాన. నాలుగో నంబరు బస్సు తలుపులో నా డ్రమ్ము అడ్డంగా ఇరుక్కుపోయింది. వెనకాల పాతికమంది తడుస్తున్నారు, డ్రైవరు నన్నూ నా వంశాన్నీ కలిపి తిడుతున్నాడు.

"చిన్నపిల్లాడి లెక్కండీ. టికెట్ అక్కర్లేదు," అన్నాను.

"చిన్నపిల్లాడా? నా నడుం దాకా ఉన్నాడు! అటు కాదు, ఇటు తిప్పండి. అబ్బబ్బ, మీరు జరగండి, నేను తిప్పుతాను."

తిప్పింది. ఒక్క తిప్పులో డ్రమ్ము లోపలికొచ్చేసింది. ఆకుపచ్చ ఉన్ని టోపీ అంచు మీంచి నీళ్ళు కారుతుంటే నా వంక చూసి పకపకా నవ్వింది. ఆ దెబ్బకి నేను దిగాల్సిన స్టాపు దాటి మూడు స్టాపులు పోయాను.

అప్పట్నించి ప్రతి మ్యాచ్‌కీ ఒకే బస్సు. "మీరు" కాస్తా "నువ్వు" అయింది. మా ఓల్షినా జట్టు గెలిచినా ఓడినా నాకు ఒకటే అయిపోయింది. తొమ్మిదేళ్ళుగా ఆ జట్టుకి డ్రమ్ము కొడుతున్నవాణ్ణి, ఈ మాట బయటికంటే గ్యాలరీ వాళ్ళు నన్ను బతకనివ్వరు.

నవంబరు చివర్లో, స్టేడియం మెట్ల మీద సాసేజ్ తింటూ తన ఇంటి సంగతులు చెప్పింది.

"మా నాన్నది బ్యాండుమేళం. పద్దెనిమిది మంది. నువ్వు ఒకసారి వినాలి, రదీమ్."

"బ్యాండుమేళమా! నాకు ప్రాణం!"

"నిజంగా? మరి నాకో కుందేలుంది. బరోన్ అని పేరు. పోటీల్లో కర్రల మీంచి గెంతుతాడు. పోయినేడు దేశం మొత్తమ్మీద మూడోవాడు, తెలుసా?"

"కుందేళ్ళంటే నాకు పిచ్చి!"

ఎందుకలా అన్నానంటే భయంతో. తను ఏం చెప్పినా అవునవునని తలూపకపోతే చెయ్యి జారిపోతుందేమోనని భయం. డ్రమ్ము వెనకాల నిలబడితే తప్ప నాకు గొంతు లేవదు. పుట్టుకతోనే అంత.

"అయితే వచ్చే శనివారం మా నాన్నని తీసుకొస్తాను," అంది.

"హాకీకా?"

"హాకీకి కాదు మహానుభావా, నిన్ను చూడ్డానికి. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. ఆయనకి నచ్చనివాణ్ణి నేను ఇంటికి పిలవలేను. నువ్వేం కంగారు పడకు. ఆయనకి ఒక్కటే పట్టింపు, అబద్ధాలాడేవాళ్ళంటే పడదు."

నోట్లో ఉన్న సాసేజ్ గొంతులో అడ్డం పడింది.

శనివారం మ్యాచ్ రెండింటికి. పన్నెండుకల్లా స్టేడియంలో ఉన్నాను. రాత్రంతా నిద్ర లేదు. గేటు దగ్గర బల్ల మీద షిమెక్ తాత ప్రోగ్రాం పుస్తకాల కట్టలు విప్పుతున్నాడు. మా క్లబ్బు తరఫున ఆ ఎనిమిది పేజీల పుస్తకం రాసేదీ, అచ్చు వేయించేదీ, పంచేదీ ఆయనే.

"రా రా, సినిమా హీరో! ఈ వారం బొమ్మ నీదే!"

ఏడో పేజీ తిప్పి చూపించాడు. "అభిమానితో నాలుగు మాటలు." కింద నా మొహం. అప్పుడు గుర్తొచ్చింది. సెప్టెంబరులో, ఆరు సున్నాతో చిత్తుగా ఓడిన రోజు, రమ్ము కలిపిన టీ తాగుతూ ఈయన ఏవేవో అడిగాడు, నేను నోటికొచ్చింది వాగాను. మూడు నెలలు ఎక్కడ పెట్టాడో, సరిగ్గా ఈ రోజుకి అచ్చు వేశాడు.

"హాకీ కాక ఇంకే ఆట ఇష్టం? — ఇంకో ఆట ఉందా? మొన్న టీవీలో కుందేళ్ళకి తాడు కట్టి గెంతిస్తున్నారు. అది ఆటయితే మా అమ్మమ్మ మెట్లెక్కడం ఒలింపిక్స్."

"సంగీతం? — ఏదైనా వింటాను, బ్యాండుమేళం మాత్రం వద్దు బాబోయ్. పన్ను సలుపుతుంది."

"జంతువుల్లో ఏదిష్టం? — కుందేలు. వెల్లుల్లి దట్టించి, పక్కన పాలకూర వేస్తే."

పుస్తకం మూసేశాను. ఆ కింద ఇంకా ఏదో ఉంది గానీ చదివే ఓపిక లేకపోయింది.

"తాతా, ఇవి ఎన్ని?"

"రెండొందలు."

"ఎవరికైనా ఇచ్చావా?"

"ఇంకా గేటే తియ్యలేదు కదరా. ఏం, ఆటోగ్రాఫ్ పెడతావా?"

"నీ చేతులు చూడు, గడ్డకట్టుకుపోయాయి. వెళ్ళి వేడిగా టీ తాగిరా. బల్ల నేను చూసుకుంటా."

పాపం, నమ్మి వెళ్ళాడు. నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. డ్రమ్ము మర్లు విప్పి, తోలు ఊడదీసి, నాలుగు కట్టలూ లోపల కుక్కి, మళ్ళీ బిగించేశాను. ఒక్క కాగితం మిగల్చలేదు. తాత తిరిగొచ్చాక, నేను అటు తిరిగేలోపు ఎవరో ఎత్తుకుపోయారని బొంకాను. చలిలో కూడా నా చొక్కా తడిసిపోయింది.

గేటు తీసేసరికి మైకులో తాత గొంతు ఖంగుమంది. "మ్యాచ్ పుస్తకాలు ఎత్తుకెళ్ళిన దొంగవెధవ ఎవరో వెంటనే తెచ్చి బల్ల మీద పెట్టాలి! నేను చూశాను! నాకు తెలుసు!"

ఆయన చూడలేదు. అయినా డ్రమ్ముని నా వెనక్కి జరుపుకున్నాను.

సరిగ్గా అప్పుడే వాళ్ళు వచ్చారు. అపొలెనా వాళ్ళ నాన్న కుబాత్ గారు పొట్టిగా, గట్టిగా ఉన్నారు. చేతులు వెనక్కి కట్టుకుని నన్ను కింద నించి పైదాకా చూశారు.

"నువ్వేనా డ్రమ్ము అబ్బాయివి?"

"అవునండీ."

"బ్యాండుమేళమంటే ప్రాణమటగా. ఏ పాటంటే ఇష్టం?"

"అన్నీనండీ."

"అన్నీనా." అపొలెనా ఆయన వెనక నించి నాకు కళ్ళతో ధైర్యం చెప్పింది. ఆ కళ్ళలోకి చూడలేక డ్రమ్ము సర్దుకుంటున్నట్టు నటించాను.

ఆట మొదలైంది. మావాళ్ళు మంచు మీదికి రాగానే గ్యాలరీ మొత్తం చేతులెత్తింది, నా దెబ్బ కోసం. కొట్టాను.

"దబ్."

రోజూ "ధాం" అని స్టేడియం కప్పు అదిరేది, ఇవాళ పరుపు దులిపినట్టుంది. ఇంకా గట్టిగా కొట్టాను. దబ్. దబ్.

"ఏరా రదీమ్, పొద్దున్న తిండి తినలేదా?" ఎవడో అరిచాడు.

"డ్రమ్ముకి జలుబు చేసిందిరా!" ఇంకోడు.

దెబ్బ వినపడక వెనక వరసల వాళ్ళు ఒక మాట ముందు పాడుతున్నారు, ముందు వరసల వాళ్ళు ఒక మాట వెనక. పాట గోల అయిపోయింది. పదిహేను నిమిషాల్లో రెండు గోల్స్ తిన్నాం. నా చూపు మాత్రం మూడు వరసల పైన కూర్చున్న తండ్రీకూతుళ్ళ మీదే. నేను కొట్టినప్పుడల్లా కుబాత్ గారు మొహం చిట్లిస్తున్నారు, ఎవరో గిచ్చుతున్నట్టు.

మొదటి విరామం రాగానే ఆయన లేచారు. మనుషుల్ని తోసుకుంటూ తిన్నగా నా దగ్గరికే. వెనకాలే అపొలెనా.

"ఏమైంది దీనికి?"

"చలికండీ..."

"ముప్పై ఏళ్ళు మంచులో వాయించాను బాబూ. చలి చేసే చప్పుడు ఇది కాదు. లోపల ఏదో ఉంది. ఇలా ఇయ్యి."

"వద్దండీ! ఇంటికెళ్ళి నేనే..."

"జబ్బుపడ్డ డ్రమ్ముని చూస్తూ కూర్చోలేను. అది నా రోగం." ఆయన జేబులోంచి మర్లు విప్పే పానా తీశారు. జేబులో పానా వేసుకుని తిరిగే మావగారు దొరకాలని నా నుదుట రాసి ఉంది కాబోలు, ఏం చేస్తాం.

తోలు ఊడింది. పుస్తకాలు బొలబొలా నా బూట్ల మీద పడ్డాయి. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. అపొలెనా నవ్వలేదు. వంగి ఒకటి తీసి తండ్రి చేతికిచ్చింది. పేజీలు తిప్పి, నా మొహం చూసి ఏడో పేజీ దగ్గర ఆయనే ఆగారు.

అన్నీ పైకి చదివారు. కుందేళ్ళ గెంతులు, మా అమ్మమ్మ మెట్లు, పన్ను సలుపు, వెల్లుల్లి, పాలకూర. బ్యాండులో లెక్క చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి మరీ చదివారు.

"నాతో ఏమన్నావు నువ్వు?" అపొలెనా గొంతు సన్నగా ఉంది. "పిచ్చి అన్నావు. ప్రాణమన్నావు."

"భయమేసింది."

"దేనికి?"

"నాకు నచ్చవంటే నువ్వు మళ్ళీ ఆ బస్సెక్కవని. అబద్ధం చెప్పాను. తప్పే."

"నచ్చవంటే పోట్లాడేదాన్ని. బరోన్ని తెచ్చి నీ ఒళ్ళో పడేసేదాన్ని. అంతే గానీ మానేస్తానా? నన్ను అంత తక్కువ చేశావా?" కళ్ళు తుడుచుకుంది. "పద నాన్నా, వెళ్దాం."

నా గుండె ఆ ఖాళీ డ్రమ్ములో పడిపోయింది.

"ఉండవే," అన్నారు కుబాత్ గారు. "ఇంకా అయిపోలేదు. కింద చిన్నక్షరాల్లో ఏదో ఉంది." కళ్ళజోడు పైకి తోసుకుని చదివారు.

"షిమెక్ రాస్తున్నది. మాటలన్నీ అయ్యాక, టీ గ్లాసు కింద పెడుతూ ఈ కుర్రాడు నన్నొకటి అడిగాడు. తాతా, మనం ఆరు గోల్స్ తిన్నాక కూడా బి గ్యాలరీలో నవ్వుతూ పాడిన ఆకుపచ్చ టోపీ అమ్మాయి ఎవరు? ఇంకెప్పుడూ డ్రమ్ము ముట్టకూడదనుకున్నాను, తనని చూశాక మళ్ళీ కొట్టాలనిపించింది, అన్నాడు. నాకు తెలీదు. మీలో ఎవరికైనా తెలిస్తే ఆ పిల్లకి చెప్పండి."

ఇది వేస్తాడని నాకు తెలీదు. ఒట్టు. పోతూపోతూ అన్న మాట అది, ఆయన అది కూడా రాసుకున్నాడని ఎవడికి తెలుసు?

అపొలెనా చెయ్యి తనకి తెలియకుండానే టోపీ మీదికి వెళ్ళింది. పాత ఆకుపచ్చ ఉన్ని టోపీ. వాళ్ళమ్మ అల్లిందట, ఆ సంగతి తర్వాత తెలిసింది.

"ఆరు సున్నా సెప్టెంబరులో కదా," అంది నెమ్మదిగా. "మనం కలిసింది అక్టోబరులో. బస్సులో. అనుకోకుండా."

నేను బూట్ల వైపు చూశాను.

"రదీమ్. ఆ డ్రమ్ము తలుపులో ఎలా ఇరుక్కుంది?"

తొమ్మిదేళ్ళుగా అదే డ్రమ్ము, అదే బస్సు, అదే తలుపు. ఇంక దాచి లాభం లేదు.

"ఇరుక్కోలేదు. నేనే అడ్డం పెట్టాను. నువ్వు వెనక వస్తున్నావని చూసి పెట్టాను. పలకరించడానికి ధైర్యం చాల్లేదు. నువ్వంటే నాకు ఇష్టం అపొలెనా, సెప్టెంబరు నించీ. ఇదొక్కటే నేను చెప్పని నిజం."

తను పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో తెలీక నా ప్రాణం పోయింది.

"పాతికమందిని వానలో తడిపావు, దుర్మార్గుడా!"

"ఊఁ."

"ఇవన్నీ ఏరు," అంది పుస్తకాలు చూపించి. "ఏరి, అందరికీ నువ్వే పంచు. ఒక్కొక్కరి చేతికీ. ఏడో పేజీ తెరిచి మరీ. ముందు షిమెక్ తాతకి క్షమాపణ చెప్పు."

పంచాను. తాత నా చెవి మెలేసి, తర్వాత ముద్దు పెట్టుకున్నాడు. రెండో విరామం అయ్యేసరికి స్టేడియం మొత్తం ఏడో పేజీ చదివి, తలలు తిప్పి ఆకుపచ్చ టోపీ కోసం వెతుకుతోంది. తను మొహం మఫ్లర్‌లో దాచుకుంది.

కుబాత్ గారు డ్రమ్ము బిగించి, వేలితో మీటి విని, నా చేతికిచ్చారు.

"కొట్టు. నా మేళం వింటే పన్ను సలుపుతుందన్నవాడి తాళం ఎంత సరిగ్గా ఉందో చూస్తాను."

కొట్టాను. ధాం! కప్పు అదిరింది. ఆయన కాలు నేలమీద తాళం వేసింది.

"ఆదివారం భోజనానికి రా," అన్నారు. "కుందేలుంటుంది. కంచంలో కాదు, పక్క కుర్చీలో. బరోన్ ముందు నీ మాటలన్నీ వెనక్కి తీసుకోవాలి. మేళం సంగతి మనిద్దరం తర్వాత తేల్చుకుందాం. ఈసారి నచ్చకపోతే నచ్చలేదని చెప్పు."

ఆ రోజు కూడా ఓడిపోయాం, నాలుగు ఒకటితో. పాటలు మాత్రం ఆపలేదు.

సాయంత్రం మంచు సన్నగా పడుతుంటే నాలుగో నంబరు బస్సు వచ్చింది. డ్రమ్ముని బుద్ధిగా నిలువుగా పట్టుకుని ఎక్కాను. డ్రైవరు నమ్మలేనట్టు చూశాడు. కుబాత్ గారు ముందు సీట్లో కూర్చున్నారు. అపొలెనా కిటికీ పక్కన, పక్క సీట్లో తన సంచీ. ఏడో పేజీ మడిచి అందులో పెట్టుకోవడం నేను చూశాను.

నేను డ్రమ్ముతో అక్కడే నిలబడ్డాను. ఏ వంకా పెట్టకుండా అడగాలని గట్టిగా అనుకున్నాను.

"ఇక్కడ కూర్చోనా?"

తను సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అక్టోబరులోనే అడిగి ఉంటే," అంది, "అందరం పొడిగా ఇంటికెళ్ళేవాళ్ళం."