చివరి పేజీలో డోరీన్ ఉత్తరం

మందుల షాపు మూలనున్న కామిక్స్ స్టాండును డోరీన్ ఒక్క తిప్పు తిప్పింది. అది కీచుమంటూ గిర్రున తిరిగింది. గురువారం, బడి వదిలిన పది నిమిషాలకి, ఆ కీచుమనే చప్పుడు కంటే కమ్మని సంగీతం డోరీన్‌కి ఇంకోటి లేదు. కొత్త కామిక్స్ వచ్చేది గురువారమే మరి!

వచ్చేసింది! ‘ఆరుగురు కాపలాదారులు’ కొత్త సంచిక. అట్ట మీద ఉక్కురాణి గాల్లోకి దూకుతోంది. కింద తుప్పుగోరు వేళ్లు చాచి నవ్వుతున్నాడు. వాడు ముట్టుకుంటే ఎంతటి ఇనుమైనా పొడిపొడిగా రాలిపోతుంది. డోరీన్ పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. ఆహా, కొత్త సిరా వాసన!

“ఇది లైబ్రరీ కాదమ్మాయ్,” అన్నాడు కౌంటర్ వెనక నుంచి షాపాయన ప్రూయిట్.

“చదవట్లేదు సార్, వాసన చూస్తున్నా.”

“వాసనకైనా ముప్పై అయిదు సెంట్లే.”

పదకొండేళ్ల డోరీన్ కోవాచ్‌కి ఆ కామిక్స్‌లో ప్రతి ఒక్కరి మీదా ఒక అభిప్రాయం ఉంది. ఉక్కురాణికి ఆ వీపు మీద గుడ్డ అనవసరం, పరిగెత్తితే కాళ్లకి చుట్టుకుంటుంది. తుప్పుగోరు పుట్టుకతో చెడ్డవాడు కాదు, ఎవరూ షేక్‌హ్యాండ్ ఇవ్వక అలా తయారయ్యాడు. ఇక పొగమనిషి! భయం వేస్తే తప్ప పొగగా మారలేడు. వాడూ ఒక హీరోయేనా? ఇవన్నీ ఆమె రోజూ భోజనాల బల్ల దగ్గర చెబుతుంది. “ముందు సూప్ తాగు తల్లీ, చల్లారిపోతోంది,” అంటుంది వాళ్లమ్మ.

డబ్బులిచ్చి, డోరీన్ ఎప్పటిలాగే చివరి పేజీ తెరిచింది. అక్కడ పాఠకుల ఉత్తరాలు వేస్తారు. రాసినవాళ్ల పేరు, ఇంటి నంబరు, వీధి అన్నీ అచ్చవుతాయి. ఇవాళ పంపిన ఉత్తరం అచ్చులో కనపడాలంటే అయిదారు నెలలు పడుతుంది.

‘డోరీన్ కోవాచ్, 41 మిల్ రోడ్.’

డోరీన్ ఎగిరి గంతేసింది. తన పేరే! అచ్చులో! దేశమంతా చదువుతుంది!

తర్వాత ఉత్తరం చదివింది.

‘ఎడిటర్ గారూ, పొగమనిషిని తీసెయ్యండి. భయపడేవాడు హీరో ఏంటి? వాడు పిరికివాళ్లకే నచ్చుతాడు. మా ఊళ్లో వాడికి ఒకే ఒక్క అభిమాని ఉన్నాడు. పేరు వెండెల్ టక్. పదేళ్లొచ్చినా ఉరుము వినపడితే పక్క తడిపేస్తాడు.’

కింద ఎడిటర్ జవాబు: ‘డోరీన్, మా తరఫున వెండెల్‌కి ఒక గొడుగు కొనిపెట్టు!’

డోరీన్ చెవులు వేడెక్కాయి. ఉక్కురాణిని మెచ్చుకుంటూ రెండు పేజీలు రాసింది. అవన్నీ కోసేసి ఈ నాలుగు ముక్కలే వేశారు.

అది మార్చిలో రాసిన ఉత్తరం. ఆ రోజు వెండెల్ ఉక్కురాణిని ‘నడిచే వంటగిన్నె’ అన్నాడు. డోరీన్‌కి ఒళ్లు మండింది. ఇంటికెళ్లి ఆ కోపంలోనే రాసింది, తిరిగి చదవకుండానే పరిగెత్తి పోస్టు డబ్బాలో పడేసింది. మూడో రోజుకి ఇద్దరూ మళ్లీ ఒకే శాండ్‌విచ్ పంచుకుని తిన్నారు. ఉత్తరం సంగతే ఆమె మరిచిపోయింది.

ఉరుముల సంగతి వెండెల్ అంతకు ముందు వేసవిలో చెప్పాడు. పెరట్లో గుడారం వేసుకుని ఆడుకుంటుంటే మబ్బు పట్టింది. “చచ్చినా ఎవరికీ చెప్పకు,” అన్నాడు. ఇద్దరూ చిటికెన వేళ్లు కలిపి ఒట్టేసుకున్నారు.

డోరీన్ స్టాండులో మిగిలిన మూడు కాపీలూ గబగబా తీసి, ఊలు అల్లికల పత్రికల వెనక దోపింది.

“అక్కడేం చేస్తున్నావ్?” అన్నాడు ప్రూయిట్.

“సర్దుతున్నా సార్.”

తలుపు దాకా వెళ్లాక ఆమెకి గుర్తొచ్చింది. వెండెల్ షాపులో కొనడు. వాళ్ల తాతయ్య చందా కట్టాడు. వాడి కాపీ పోస్టులో వస్తుంది.

డోరీన్ పరుగు తీసింది.

వెండెల్ వరండా మెట్ల మీద లావుపాటి డిక్షనరీ పక్కన కూర్చుని ఉన్నాడు. పోస్టులో వచ్చే కామిక్స్‌ని మధ్యకి మడిచి పంపుతారు. ఆ మడత పోయేదాకా వెండెల్ చదవడు. ఒక రోజంతా డిక్షనరీ కింద అణచి పెడతాడు.

“వచ్చేసింది! రేపు ఇద్దరం కలిసి చదువుదాం,” అన్నాడు మొహమంతా నవ్వుతో. “అలా రొప్పుతున్నావేంటి? ఉండు, నిమ్మరసం తెస్తా.”

వాడు లోపలికి వెళ్లాడు.

డోరీన్ డిక్షనరీ వైపు చూసింది. ఒక్క పేజీ. అది లేకపోతే వాడికి ఎప్పటికీ తెలియదు. డిక్షనరీ ఎత్తింది. చివరి పేజీ పట్టుకుని లాగింది. పిన్ను దగ్గర కాగితం పర్రుమంది.

వేలెడంత చిరిగింది.

డోరీన్ చెయ్యి ఆగిపోయింది. వెండెల్ కామిక్స్‌ని చేతులు కడుక్కుని మరీ ముట్టుకుంటాడు. అది ఆమెకి తెలిసిందే.

వెండెల్ రెండు గ్లాసులతో వచ్చాడు. ఆమె చేతిలో పుస్తకం చూశాడు. చిరుగు చూశాడు.

“డోరీన్! ఏం చేశావ్?”

“చివరి పేజీ చదువు.” ఆమె పుస్తకాన్ని వాడి వైపు చాపింది. “నేనిక్కడే ఉంటా. చదువు.”

వాడు చదివాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. వాడి చెంపలు ముందు ఎర్రగా, తర్వాత తెల్లగా అయ్యాయి. గ్లాసులు రెండూ జాగ్రత్తగా మెట్టు మీద పెట్టాడు.

“మార్చిలో రాశాను. కోపంలో...”

“వేలు కలిపాం కదా,” అన్నాడు వెండెల్. అరవలేదు. అరిచినా బాగుండేది. “ఇంటికెళ్లు డోరీన్.”

ఇంటికి వచ్చేసరికి అమ్మ ఎదురొచ్చింది. డోరీన్ చంకలోని పుస్తకాన్ని లాక్కుని చివరి పేజీ తెరిచింది. “ఈసారైనా వేశారా నీ ఉత్తరం? ఇదిగో, నా చిట్టితల్లి పేరు! దీన్ని ఫ్రిజ్ మీద పెట్టాల్సిందే!” అంటూ ఎర్ర అయస్కాంతం చేతిలోకి తీసుకుంది.

అప్పుడు చదివింది.

అమ్మ పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. అయస్కాంతాన్ని ఫ్రిజ్‌కి అంటించేసింది. దాని కింద ఏ కాగితమూ లేదు.

“వెండెల్ వాళ్లమ్మ చూసిందా?” అని మాత్రం అడిగింది.

ఆ రోజు సూప్ నిజంగానే చల్లారిపోయింది.

మర్నాడు బడి భోజనాల హాల్లో, ముందే ఒక కాపీ కొనేసిన వాళ్ల క్లాసు డ్వేన్ తన ట్రేని బల్ల మీద దభీమని కొట్టాడు. “ఢాం! ఉరుము! ఒరేయ్ వెండెల్, గొడుగు తెచ్చుకున్నావా?”

వాడి బల్లంతా గొల్లుమంది. డ్వేన్ మళ్లీ కొట్టాడు. ఢాం! వెండెల్ తల పళ్లెంలోకి దించుకున్నాడు. అలాగే మాయమైపోతే బాగుండునన్నట్టు భుజాలు ముడుచుకున్నాడు.

డోరీన్ లేచి నిలబడింది. భయమేసి కూర్చుందామనుకుంది. కానీ కూర్చోలేదు.

“ఆ ఉత్తరం రాసింది నేను.”

“తెలుసులే, కింద నీ పేరుందిగా,” అన్నాడు డ్వేన్.

“వాడు నన్ను నమ్మి చెప్పాడు. చెప్పనని ఒట్టేసి, కోపమొచ్చి దేశమంతా చెప్పేశాను. నవ్వాలనుంటే నన్ను చూసి నవ్వండి.”

“ఏయ్, ఏడుస్తున్నావే నువ్వు!”

“అవును, ఏడుస్తున్నా. అయితే ఏంటి?”

డ్వేన్ ట్రే ఎత్తాడు. కానీ కొట్టలేదు. మెల్లగా కింద పెట్టేసి చెంచా అందుకున్నాడు. వెండెల్ ఆమె వైపు చూడకుండానే లేచి బయటికి వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున డోరీన్ మళ్లీ ఆ మెట్ల దగ్గరికి వెళ్లింది. చేతిలో మడిచిన కాగితం, పెన్సిలు, స్టాంపు అంటించిన కవరు ఉన్నాయి. వెండెల్ చిరిగిన పేజీకి సన్నటి టేపు అంటిస్తున్నాడు. తల ఎత్తలేదు.

“ఎడిటర్‌కి ఇంకో ఉత్తరం రాశాను,” అంది డోరీన్. “నువ్వు చూడందే పోస్టు చెయ్యను. వద్దనుకున్న మాట కొట్టెయ్. మొత్తం కొట్టేసినా సరే.”

వాడు టేపు పక్కన పెట్టి చెయ్యి చాపాడు.

‘ఎడిటర్ గారూ, పోయినసారి నా స్నేహితుడి రహస్యాన్ని మీకు రాశాను. అది నేను చెప్పకూడని మాట. పరువు పోవాల్సింది వాడిది కాదు, నాది. నిన్న నాకు చాలా భయమేసింది. భయంతోనే ఒక పని చేశాను. పొగమనిషి రోజూ చేసేది అదే కదా అనిపించింది. పొగమనిషి ఉక్కురాణి అంత గొప్పవాడే.’

వెండెల్ పెన్సిలు ‘స్నేహితుడి’ అన్న మాట మీద ఆగింది. పెన్సిలు అక్కడే ఉంది. ఇంకా అక్కడే ఉంది.

తర్వాత కదిలి కిందికి వెళ్లింది. చివరి వాక్యంలో ‘అంత’ అన్న మాట కొట్టేసి, దాని మీద ‘కంటే’ అని రాసింది.

డోరీన్ చదువుకుంది. ‘పొగమనిషి ఉక్కురాణి కంటే గొప్పవాడే.’ నోరు తెరిచింది. ఉక్కురాణి కంటేనా! ఆమె దగ్గర ఈ విషయం మీద కనీసం ఏడు అభిప్రాయాలున్నాయి.

నోరు మూసుకుంది. కాగితం మడిచి కవర్లో పెట్టింది.

“అల్లికల పత్రికల వెనక మూడు కాపీలు దాచాను,” అంది మెల్లగా.

“అక్కడే ఉండనీ,” అన్నాడు వెండెల్. వాడి పెదవి చివర కొంచెం వంగింది. కొంచెమే.

వీధి చివర పోస్టు డబ్బా దగ్గర డోరీన్ ఆగింది. కవరు ఇంకా అంటించలేదు. ఉత్తరం బయటికి తీసి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా మళ్లీ చదివింది. వెండెల్ రాసిన మాట దగ్గర పళ్లు కొరుక్కుంది.

అప్పుడు కవరు అంటించి, డబ్బాలో వేసింది.