దుమ్ము లేవని గోడ

మంగళవారం ఉదయం 10:20. వన్ టౌన్‌లో పాత రాజ్యలక్ష్మి లాడ్జి మెట్ల మీద ముస్తఫా పడి ఉన్నాడు.

ఫిట్స్. నోట్లో నురగ. గోడ గీకే రేకు ఇంకా పిడికిట్లోనే ఉంది.

నెలరోజులుగా అతని పని ఒకటే. గోడల మీద పాత రంగు గీకడం.

ఆంబులెన్స్ వెళ్లాక కాంట్రాక్టర్ రామకోటేశ్వరరావు ఎస్సై ఎలిజబెత్‌కి కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోలేదు.

"తాగుడండీ. పొద్దున్నే వేసుకొచ్చాడు."

"మీరు చూశారా?"

"చూడక్కర్లేదండీ, తెలుస్తుంది."

"పని ఎలా చేయిస్తారు?"

"గోడ తడిపి గీకిస్తామండీ. దుమ్మన్న మాటే లేదు. మాస్కులిచ్చాం, ఫొటోలున్నాయి. నా మనుషుల్ని బిడ్డల్లా చూసుకుంటాను. రోజూ బెల్లం కూడా పెడతాను."

ఈయన నోట్లోంచి అబద్ధం కూడా ఇస్త్రీ చేసుకునే బయటికొస్తుంది. పక్కనున్న మేస్త్రీ జాన్ పాల్ అవునన్నట్టు తలూపాడు.

మెట్ల పక్కన బెల్లం డబ్బా ఉంది. గోడ మీది రంగు పెచ్చుతో పాటు ఎలిజబెత్ దాన్నీ సీల్ చేయించింది.

"బెల్లం కూడా ఎవిడెన్సేనా మేడమ్?" నవ్వాడు కాంట్రాక్టర్.

మధ్యాహ్నం 12:15. ఆసుపత్రి వరండాలో ముస్తఫా భార్య నజీమా ఒక కాగితం చూపించింది. తన భర్త తాగి పడ్డాడని అందులో రాసుంది. కాంట్రాక్టర్ పంపించాడు. సాక్షిగా మేస్త్రీ జాన్ పాల్ అప్పటికే సంతకం పెట్టేశాడు.

"మా ఆయన జన్మలో ముట్టలేదు మేడమ్. నేను సంతకం పెట్టను. రాలిన రంగంతా ఊడ్చేది నేనే. పొడి దుమ్ము, కళ్లు కనపడవు. ఆయనకి వారం నుంచీ కడుపునొప్పి. ఇప్పుడు నాకూ మొదలైంది."

ఆమె మాటకి ఎదురుగా కాంట్రాక్టర్ మాట, మేస్త్రీ సంతకం. అంతే ఉంది కేసులో.

శుక్రవారం ఉదయం రిపోర్టులొచ్చాయి. ముస్తఫా రక్తంలో మద్యం లేదు. సీసం ఉంది, ప్రాణాల మీదికి తెచ్చేంత. నజీమా రక్తంలోనూ ఉంది. అదే రోజు రెండు గంటలకి రెండో అంతస్తు గీకుడు మొదలు. తొమ్మిది మంది పరంజా ఎక్కాలి.

పదకొండుకి ఎలిజబెత్ అందర్నీ లాడ్జి హాల్లో కూర్చోబెట్టింది.

"సీసం ఎక్కడైనా అంటుకోవచ్చండీ," అన్నాడు రామకోటేశ్వరరావు. "ఇదివరకు వాడు బ్యాటరీల షాపులో చేశాడు."

"సరే. పటమటలో మీ కొత్త అపార్ట్‌మెంట్‌కి రంగులేస్తున్నారు కదా. నిన్న వెళ్లొచ్చాను. అక్కడ బెల్లం ఎందుకు పెట్టరు?"

ఎలిజబెత్ జాన్ పాల్ వైపు తిరిగింది.

"మేస్త్రీ గారూ, మీరు చెప్పండి. బెల్లం ఎప్పుడు పెడతారు?"

జాన్ పాల్ తల దించుకున్నాడు. "పొడిగా గీకినప్పుడేనండీ. గొంతులో దుమ్ము బెల్లంతో దిగిపోతుందని మా నమ్మకం. తడిపి గీకితే ఎవరూ అడగరు."

"దుమ్మే లేనిచోట రోజూ బెల్లం పెట్టారన్నమాట." ఎలిజబెత్ ల్యాబ్ కాగితం బల్ల మీద పెట్టింది. "గోడ మీది రంగులో సీసం. డబ్బాలో బెల్లంలోనూ సీసం. గీకిన చేతులతోనే విరుచుకుని తిన్నారు. దుమ్ము పోతుందనుకున్నారు. నోట్లోకి వెళ్లింది. తడపలేదు, మాస్కులివ్వలేదు, చేతులు కడుక్కోవడానికి సబ్బైనా పెట్టలేదు."

"మాస్కులు ఫొటోలకే తెచ్చారండీ," అన్నాడు జాన్ పాల్. "మళ్లీ పట్టుకెళ్లిపోయారు. నేను అబద్ధం సంతకం పెట్టాను. ముస్తఫా నా పక్కనే పడ్డాడు, అయినా పెట్టాను. సిగ్గుగా ఉంది."

రామకోటేశ్వరరావు లేచాడు. "కేసు కోర్టులో చూసుకుంటాను. మనుషులకేం కరువు? రెండింటికి వేరే బ్యాచ్‌ని ఎక్కిస్తాను."

"ముందు స్టేషన్‌కి పదండి," అంది ఎలిజబెత్.

నజీమా అప్పటికే గుమ్మంలో కూర్చుంది, అడ్డంగా.

"ఎక్కించండి సార్. ఎవర్ని తెచ్చినా నన్ను దాటే వెళ్లాలి. ఒక్కొక్కరికీ మా ఆయన రిపోర్టు చదివి వినిపిస్తా. గోడ తడపండి, మాస్కులివ్వండి, మా అందరికీ రక్తపరీక్ష చేయించండి. అప్పుడు మేమే ఎక్కుతాం. అందాకా ఈ గోడ మీద గీత కూడా పడదు."

జాన్ పాల్ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు తొమ్మిది మందీ వచ్చారు.

రెండు గంటలకి పరంజా మీద ఒక్క మనిషి లేడు.